ఆఫీసు కంప్యూటర్లలో ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్ ఉందో కనుక్కోవడం ఎలా?

ఫైళ్లను కుదించి ఒకే రార్ ఫైలుగా కట్టే, విప్పే విన్‌రార్ లేని ఆఫీసు కంప్యూటర్ మన దగ్గర అరుదు. 2025 జూలై 30న దాని 7.13 వెర్షన్ వచ్చింది. అంతకుముందు వెర్షన్లలో ప్రమాదకరమైన లోపం ఒకటి ఉంది. ఎవరో పంపిన రార్ ఫైలును విప్పితే, అందులో దాచిన ప్రోగ్రామ్ మనం చూపించిన ఫోల్డర్‌ను వదిలేసి విండోస్ స్టార్టప్ ఫోల్డర్‌లోకి వెళ్లి కూర్చోగలదు. మర్నాడు పొద్దున లాగిన్ కాగానే అది నడుస్తుంది. ఉద్యోగ దరఖాస్తుల పేరుతో ఇలాంటి ఫైళ్లు పంపి కంపెనీల మీద దాడులు చేశారు. 2023లో కూడా విన్‌రార్‌లో వేరే లోపం బయటపడితే 6.23లో సరిచేశారు. అయితే విన్‌రార్ తనంతట తాను అప్‌డేట్ కాదు. ఎవరో ఒకరు ప్రతి సిస్టమ్‌లో కొత్తది ఎక్కించాల్సిందే.

మరి మీ ఆఫీసులో 7.13 కంటే పాతది ఎన్ని సిస్టమ్‌లలో ఉంది? ఈ ప్రశ్నకు అరగంటలో జవాబు చెప్పగలిగేలా ఏర్పాటు చేసుకోవడం ఎలాగో ఇక్కడ చెబుతాను. పది నుంచి యాభై దాకా విండోస్ కంప్యూటర్లు, ఒక రౌటర్, అందరూ ఫైళ్లు పెట్టుకునే ఒక షేర్డ్ ఫోల్డర్ ఉండి, డొమైన్ సర్వర్ (అన్ని కంప్యూటర్లనూ, లాగిన్‌లనూ ఒకే చోట నుంచి నడిపే సర్వర్) లేని ఆఫీసును దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఆడిటర్ ఆఫీసులు, ప్రైవేటు కాలేజీలు, నర్సింగ్ హోమ్‌లు, ప్రింటింగ్ ప్రెస్‌లు చాలావరకు ఇలాగే ఉంటాయి. కమాండ్ల పేర్లు తెలుగు లిపిలో ఇస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

ఎందుకు వెతుకుతున్నారో ముందు కాగితం మీద రాయండి

అన్ని సిస్టమ్‌లలోని అన్ని సాఫ్ట్‌వేర్లూ ఒక ఎక్సెల్‌లోకి తేవడం పెద్ద కష్టం కాదు. ఒక్కో సిస్టమ్‌కు వందకు పైగా పేర్లు వచ్చినా ఆశ్చర్యం లేదు. ఆ వేల వరుసల్లో ఏం చూడాలో తెలియకే చాలామంది ఆ ఫైలును మళ్లీ తెరవరు. అందుకని ప్రశ్న ముందు ఉండాలి.

ప్రశ్న భద్రత గురించైతే ఖచ్చితమైన వెర్షన్ నంబరు కావాలి. విన్‌రార్ ఉందని తెలిస్తే చాలదు, 7.12నా 7.13నా అన్నది తేలాలి.

లైసెన్స్ గురించైతే కూడా నంబరే కీలకం. జావా దీనికి మంచి ఉదాహరణ. ఒరాకిల్ జావా 8లో 202వ అప్‌డేట్ వరకు పాత ఉచిత షరతులు వర్తించాయి. 2019 ఏప్రిల్‌లో వచ్చిన 211వ అప్‌డేట్ నుంచి వ్యాపార అవసరాలకు వాడితే చందా కట్టాలి. డిజిటల్ సంతకాల కోసమో, ఏదో ప్రభుత్వ పోర్టల్ కోసమో ఎప్పుడో జావా ఎక్కించి మరిచిపోయిన ఆఫీసులు చాలా ఉంటాయి. 202కూ 211కూ మధ్య తేడా కంటికి చిన్నదే, బిల్లు వచ్చినప్పుడు మాత్రం చిన్నది కాదు. అలాగని 202 దగ్గరే ఆగిపోతే 2019 నుంచి వచ్చిన భద్రతా సవరణలేవీ అందులో ఉండవు. జావా అవసరం నిజంగా ఉందా అని అడగడం ఈ రెండిటికంటే మేలు.

పొంతన గురించైతే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ ట్యాలీ సంగతి మీకు తెలిసే ఉంటుంది. ట్యాలీప్రైమ్ 3.0కు మార్చిన కంపెనీ డేటా అంతకంటే పాత రిలీజ్‌లో తెరుచుకోదు. షేర్డ్ ఫోల్డర్‌లోని ఒకే డేటాను నలుగురు వాడే చోట ఒక్కరు కొత్త రిలీజ్‌కు మారి డేటాను మార్చేస్తే మిగతా ముగ్గురికీ పని ఆగిపోతుంది. రిటర్న్‌ల గడువు రోజున ఈ టెన్షన్ ఎవరికీ వద్దు.

ఇంకొకటి, సపోర్ట్ ముగిసినవి ఏవన్నది. విండోస్ 10కీ, ఆఫీస్ 2016, 2019లకూ మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆఫీస్ 2021కి 2026 అక్టోబర్ 13 వరకే.

అనుమతి, ఆ తర్వాత తలల లెక్క

ఓనర్ దగ్గరో, మేనేజింగ్ పార్ట్‌నర్ దగ్గరో రెండు లైన్ల ఈమెయిల్ అయినా సరే, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. అనుమతి లేకుండా ఇంకొకరి కంప్యూటర్‌లోకి వెళ్లి సమాచారం తీయడం ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్ కిందకు వస్తుంది. ఉద్యోగులు సొంత ల్యాప్‌టాప్ తెచ్చుకుని పని చేస్తుంటే దాన్ని మీరుగా ముట్టుకోకండి. వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఏం చూస్తున్నారో చెప్పి, ఆఫీసు పనికి వాడే సాఫ్ట్‌వేర్ వరకే చూడండి.

ఇప్పుడు ఈ పని మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే అడుగు. నోట్‌బుక్ పట్టుకుని ఆఫీసంతా ఒకసారి నడవండి. ప్రతి సిస్టమ్ మీద ఒక నంబరు స్టిక్కర్ అంటించండి. ఆ నంబరు, కంప్యూటర్ పేరు, ఎవరు వాడతారు, ఎక్కడ ఉంది అన్నవి రాసుకోండి. పేరు తెలియాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో హోస్ట్‌నేమ్ అని కొడితే చాలు. విండోస్ ఎక్కించినప్పుడు వచ్చిన డెస్క్‌టాప్ అనే మాటా దాని పక్కన అర్థంలేని అక్షరాలూ ఉన్న పేర్లే చాలా చోట్ల అలాగే ఉండిపోతాయి. వాటిని అకౌంట్స్01, రిసెప్షన్01 లాగా మార్చేయండి. ఒకే ఇమేజ్ (మొత్తం డిస్క్ నకలు) నుంచి కాపీ చేసిన సిస్టమ్‌లైతే రెండిటికి ఒకే పేరు ఉండే అవకాశం కూడా ఉంది, చూసుకోండి.

నడిచాక రౌటర్ పేజీలోకి లాగిన్ అయి డీహెచ్‌సీపీ క్లయింట్ల జాబితా, అంటే రౌటర్ ఐపీ అడ్రస్ ఇచ్చిన పరికరాల జాబితా తీయండి. అందులో ఫోన్లు, ప్రింటర్లు, సీసీటీవీ డబ్బా అన్నీ కలిసే ఉంటాయి. వాటిని పక్కన పెట్టి మీ నోట్‌బుక్‌తో సరిపోల్చండి. నోట్‌బుక్‌లో లేని కంప్యూటర్ ఒకటైనా రౌటర్‌లో కనిపిస్తే అది ఎవరిదో తేల్చండి. అక్కడ కనిపించకుండా నోట్‌బుక్‌లో ఉన్నది ఆ రోజు ఆఫ్‌లో ఉండి ఉంటుంది, లేదా దానికి ఐపీ చేత్తో ఇచ్చి ఉంటారు. స్టోర్ రూమ్‌లో పాత చెక్ ప్రింటింగ్ కోసం ఉంచిన సిస్టమ్, ఆర్టికల్స్ (సీఏ ట్రైనీలు) ఆడిట్‌కు పట్టుకెళ్లే ల్యాప్‌టాప్, నెలాఖరులో మాత్రమే ఆన్ చేసే బ్యాకప్ మెషీన్ ఇలాంటప్పుడే బయటపడతాయి. ఈ నోట్‌బుక్‌లోని మొత్తం సంఖ్యను గుర్తుంచుకోండి. చివర్లో దీనితో పని ఉంది.

ముందు ఒక్క సిస్టమ్‌లో చేత్తో చూడండి

స్క్రిప్టుల (కమాండ్లను వరుసగా నడిపే చిన్న ఫైళ్ల) జోలికి వెళ్లేముందు ఒక కంప్యూటర్‌లో అన్నీ చేత్తో చూసి రాసుకోండి. తర్వాత స్క్రిప్టు ఇచ్చే జవాబు సరైనదో కాదో పోల్చుకోవడానికి ఇదే ఆధారం.

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి విన్‌వర్ అని కొడితే విండోస్ వెర్షన్ చూపిస్తుంది. ఇందులో చూడాల్సింది బిల్డ్ నంబరు. విండోస్ 11 కూడా లోపల తనను 10.0 అనే చెప్పుకుంటుంది. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట) ప్రోడక్ట్ పేరు చదివే పాత స్క్రిప్టులు విండోస్ 11 సిస్టమ్‌ను విండోస్ 10 అని రాసేస్తాయి కూడా. బిల్డ్ 22000, ఆపైన ఉంటే అది విండోస్ 11. 19045 అంటే విండోస్ 10లో ఆఖరిదైన 22హెచ్2. 22631 అంటే విండోస్ 11 23హెచ్2, 26100 అంటే 24హెచ్2.

ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రామ్‌ల కోసం అదే రన్ బాక్స్‌లో యాప్‌విజ్ డాట్ సీపీఎల్ అని కొట్టండి. పాత కంట్రోల్ ప్యానెల్ పట్టిక వస్తుంది, వెర్షన్ అనే కాలమ్ కూడా ఉంటుంది. కాలమ్ కనిపించకపోతే వ్యూ మార్చి డీటెయిల్స్ పెట్టండి. కమాండ్ ప్రాంప్ట్‌లో విన్‌గెట్ లిస్ట్ అని కొడితే పేరు, వెర్షన్‌తో పాటు కొత్తది అందుబాటులో ఉంటే అది కూడా పక్కనే చూపిస్తుంది. ఒక్క సిస్టమ్ వరకు నాకు నచ్చిన దారి ఇదే.

ఎమ్మెస్ ఆఫీస్ విషయంలో జాగ్రత్త. ఆఫీస్ 2016, 2019, 2021, మైక్రోసాఫ్ట్ 365 అన్నీ 16.0 అనే అంకెతోనే మొదలవుతాయి. 16.0 చూసి ఏ ఆఫీసో చెప్పలేరు. ఎక్సెల్ తెరిచి ఫైల్, అకౌంట్‌లోకి వెళితే ఉత్పత్తి పేరూ, అబౌట్ బటన్ పక్కన పూర్తి బిల్డూ కనిపిస్తాయి. రెండూ రాసుకోవాలి.

ఆ పట్టిక ఎక్కడి నుంచి వస్తోంది?

ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక. కంట్రోల్ ప్యానెల్ చూపించే పట్టిక విండోస్ రిజిస్ట్రీలోని మూడు చోట్ల నుంచి వస్తుంది. మొదటిది హెచ్‌కీ లోకల్ మెషీన్ → సాఫ్ట్‌వేర్ → మైక్రోసాఫ్ట్ → విండోస్ → కరెంట్‌వెర్షన్ → అన్‌ఇన్‌స్టాల్. 64 బిట్ ప్రోగ్రామ్‌లు ఇక్కడ ఉంటాయి. రెండోది ఇదే దారి, కాకపోతే సాఫ్ట్‌వేర్ తర్వాత వావ్6432నోడ్ అనే మెట్టు అదనంగా ఉంటుంది. 32 బిట్‌వి అక్కడ. మూడోది హెచ్‌కీ కరెంట్ యూజర్ కింద మొదటి దారి లాంటిదే. అడ్మిన్ పాస్‌వర్డ్ లేకుండా ఒక ఉద్యోగి తన లాగిన్ వరకే ఎక్కించుకున్నవి ఇందులో చేరతాయి. క్రోమ్, జూమ్ లాంటివి ఇలా ఎక్కగలవు.

ప్రతి ప్రోగ్రామ్‌కూ ఒక చిన్న ఫోల్డర్ లాంటి కీ ఉంటుంది. అందులో డిస్‌ప్లేనేమ్, డిస్‌ప్లేవెర్షన్, పబ్లిషర్, ఇన్‌స్టాల్‌డేట్ అనే విలువలు మనకు కావాలి. కొన్నిటికి తేదీ ఉండదు, దాని మీద ఆధారపడకండి.

మొదటి రెండు చోట్లు చూసి మూడోది వదిలేసే స్క్రిప్టులు నెట్‌లో బోలెడు దొరుకుతాయి. ఎవరికీ చెప్పకుండా ఎక్కించుకున్న సాఫ్ట్‌వేర్ ఉండేది ఆ మూడో చోటే కాబట్టి, మూడూ చదివే స్క్రిప్టునే వాడండి.

మరో హెచ్చరిక. డబ్ల్యూఎంఐలోని (సిస్టమ్ గురించి సమాచారం చెప్పే విండోస్ ఏర్పాటు) విన్32 ప్రోడక్ట్ అనే క్లాస్‌ను అడిగి జాబితా తీయమని చాలా చోట్ల రాసి ఉంటుంది. వాడకండి. దాన్ని అడిగినప్పుడల్లా విండోస్ ఆ సిస్టమ్‌లోని ప్రతి ఎంఎస్ఐ ప్యాకేజీనీ (విండోస్ ఇన్‌స్టాలర్ ద్వారా ఎక్కిన ప్రోగ్రామ్‌ను) సరిగ్గా ఉందో లేదో పరీక్షిస్తుంది, తేడా కనిపిస్తే రిపేర్ కూడా మొదలుపెట్టగలదు. పని వేళల్లో ఇరవై సిస్టమ్‌ల మీద ఇది నడిపితే అందరి కంప్యూటర్లూ నెమ్మదిస్తాయి. పైగా ఎంఎస్ఐ ద్వారా ఎక్కినవే చూపిస్తుంది, విన్‌రార్ లాంటివి దానికి కనిపించవు. ఆ డబ్ల్యూఎంఐని అడిగే డబ్ల్యూఎంఐసీ కమాండ్‌ను కూడా మైక్రోసాఫ్ట్ కొత్త విండోస్ 11 నుంచి తీసేస్తోంది. దాని మీద కొత్తగా ఏదీ కట్టుకోవద్దు.

అన్ని సిస్టమ్‌ల నుంచి రాబట్టడం

డొమైన్ లేని చిన్న ఆఫీసుకు నేను సిఫారసు చేసేది ఒకటే పద్ధతి: మీరు ప్రతి కంప్యూటర్‌లోకి వెళ్లకుండా, ప్రతి కంప్యూటరూ తన జాబితాను ఒక షేర్డ్ ఫోల్డర్‌లో వేసేలా చేయడం.

సర్వర్‌గా వాడే సిస్టమ్‌లో ఇన్వెంటరీ అనే ఫోల్డర్ తయారుచేసి షేర్ చేయండి. దానికోసం పాస్‌వర్డ్ ఉన్న ఒక యూజర్ ఖాతా ప్రత్యేకంగా పెట్టండి. విండోస్ 11 24హెచ్2 ప్రో ఎడిషన్ పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్‌లను డిఫాల్ట్‌గా ఒప్పుకోదు. నిన్నటిదాకా పనిచేసిన షేర్ కొత్త సిస్టమ్ నుంచి తెరుచుకోకపోవడానికి తరచుగా ఇదే కారణం. దాన్ని సరిచేయడానికి ఆ భద్రతను తీసేయమని సలహాలు ఇస్తారు, వినకండి. ఖాతా పెట్టడానికి పట్టేది ఐదు నిమిషాలే.

తర్వాత పవర్‌షెల్ (విండోస్‌తో వచ్చే కమాండ్ పనిముట్టు) స్క్రిప్టు. నాలుగు కమాండ్లు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. గెట్-ఐటమ్‌ప్రాపర్టీకి పైన చెప్పిన మూడు దారులూ ఇచ్చి ప్రతిదాని చివరా స్టార్ గుర్తు పెట్టండి. పవర్‌షెల్‌లో ఆ దారులు హెచ్‌కేఎల్ఎమ్ కోలన్, హెచ్‌కేసీయూ కోలన్ అని మొదలవుతాయి. వచ్చినదాన్ని వేర్-ఆబ్జెక్ట్‌కు పంపి డిస్‌ప్లేనేమ్ ఖాళీగా ఉన్నవి తీసేయండి. ఆపైన సెలెక్ట్-ఆబ్జెక్ట్‌తో పేరు, వెర్షన్, పబ్లిషర్, తేదీ మాత్రమే ఉంచి, కంప్యూటర్ పేరు, యూజర్ పేరు, ఈ రోజు తేదీ, విండోస్ బిల్డ్ అనే నాలుగు కాలమ్‌లు చేర్చండి. చివరగా ఎక్స్‌పోర్ట్-సీఎస్‌వీతో షేర్డ్ ఫోల్డర్‌లోకి సీఎస్‌వీ ఫైలుగా, అంటే కామాలతో విడదీసిన పట్టికగా రాయించండి.

ఫైలు పేరు కంప్యూటర్ పేరు, యూజర్ పేరు కలిపి ఉండాలి. అలా కాకుండా అందరూ ఒకే ఫైలులోకి రాస్తే ఇద్దరు ఒకేసారి లాగిన్ అయినప్పుడు ఒకరి జాబితా పోతుంది. ఎక్స్‌పోర్ట్-సీఎస్‌వీకి నోటైప్‌ఇన్ఫర్మేషన్ అనే స్విచ్ ఇవ్వండి, లేకుంటే మొదటి వరుసలో పనికిరాని లైను ఒకటి వస్తుంది. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్8 అని కూడా తప్పకుండా చెప్పండి. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1 ఆ మాట చెప్పకపోతే ఆస్కీలో రాస్తుంది. యూజర్ పేరు తెలుగులో పెట్టుకున్నవాళ్ల పేరు మొత్తం ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది.

దీన్ని నడపడానికి చిన్న బ్యాచ్ ఫైలు రాసి, అందులో పవర్‌షెల్‌ను ఎగ్జిక్యూషన్‌పాలసీ బైపాస్‌తో పిలిచి స్క్రిప్టు దారి ఇవ్వండి. ఒక్కో సిస్టమ్‌లో టాస్క్ షెడ్యూలర్ తెరిచి, యూజర్ లాగిన్ అయినప్పుడు ఆ బ్యాచ్ ఫైలు నడిచేలా టాస్క్ పెట్టండి. ఇందుకోసం ప్రతి సిస్టమ్ దగ్గరకూ ఒక్కసారి వెళ్లాలి. స్క్రిప్టు షేర్డ్ ఫోల్డర్‌లోనే ఉంటుంది కనుక తర్వాత మార్పులు చేయాలన్నా మళ్లీ తిరగక్కర్లేదు. స్క్రిప్టు ఫైలును మార్చే హక్కు మాత్రం మీకొక్కరికే ఉండాలి. అందరి కంప్యూటర్లలోనూ నడిచే ఫైలు అది. దాన్ని వేరే ఫోల్డర్‌లో చదవడానికి మాత్రమే అనుమతి ఇచ్చి పెట్టండి, జాబితాలు పడే ఫోల్డర్‌కు రాసే హక్కు ఇవ్వండి.

ఈ పద్ధతిలో రెండు మంచి గుణాలు ఉన్నాయి. రిజిస్ట్రీ చదవడానికి అడ్మిన్ హక్కు అవసరం లేదు, మామూలు ఉద్యోగి లాగిన్‌తోనే పని అవుతుంది. రెండోది, ఆ ఉద్యోగి పేరు మీదే నడుస్తుంది కాబట్టి అతను తన లాగిన్‌లో ఎక్కించుకున్నవి కూడా జాబితాలోకి వస్తాయి. ఇదే స్క్రిప్టును మీరు అడ్మిన్‌గా నడిపితే మూడో దారిలో మీ ఖాతావే కనిపిస్తాయి, అతనివి కనిపించవు.

మీ కుర్చీలో నుంచే అందరినీ అడగాలనుకుంటే పవర్‌షెల్ రిమోటింగ్ ఉంది. ప్రతి సిస్టమ్‌లో అడ్మిన్‌గా ఎనేబుల్-పీఎస్‌రిమోటింగ్ నడపాలి. నెట్‌వర్క్ పబ్లిక్ అని ఉంటే అది మొరాయిస్తుంది, ముందు ప్రైవేట్‌కు మార్చండి. 5985 పోర్టు మీద మాట్లాడుతుంది. డొమైన్ లేని చోట మీ సిస్టమ్‌లోని ట్రస్టెడ్‌హోస్ట్స్ జాబితాలో ఆ కంప్యూటర్ల పేర్లు చేర్చాలి. అక్కడ స్టార్ పెట్టేసి చేతులు దులుపుకోవద్దు, పేర్లే రాయండి. ఆ తర్వాత ఇన్వోక్-కమాండ్‌కు పేర్లన్నీ ఇస్తే ఒకేసారి 32 సిస్టమ్‌ల వరకు అడిగి జవాబులు తెస్తుంది. విన్‌రార్ లాంటి అత్యవసరం వచ్చినప్పుడు ఇది బాగా పనికొస్తుంది. డొమైన్ ఉన్న ఆఫీసులో గ్రూప్ పాలసీతో ఇదంతా ఒకే చోట నుంచి పెట్టేయొచ్చు.

సిస్టమ్‌లు యాభై దాటితే, లేదా రెండు మూడు ఊళ్లలో బ్రాంచీలు ఉంటే, సొంత స్క్రిప్టులు మాని జీఎల్‌పీఐ లేదా ఓసీఎస్ ఇన్వెంటరీ పెట్టుకోండి. రెండూ ఓపెన్ సోర్స్‌వే. ప్రతి సిస్టమ్‌లో చిన్న ఏజెంట్ ఎక్కిస్తే అది జాబితాను సర్వర్‌కు పంపుతూ ఉంటుంది. లినక్స్, మ్యాక్ సిస్టమ్‌లు కూడా ఇందులో కలిసిపోతాయి. ఒకటీ రెండే ఉంటే ఉబుంటులో డీపీకేజీ హైఫన్ ఎల్, మ్యాక్‌లో సిస్టమ్ రిపోర్ట్‌లోని అప్లికేషన్స్ పేజీ సరిపోతాయి.

రిజిస్ట్రీకి దొరకనివి

ఇన్‌స్టాల్ చేయకుండా కాపీ చేసుకుని వాడేవి ఏ జాబితాలోనూ రావు. పోర్టబుల్ ప్రోగ్రామ్‌లు, డెస్క్‌టాప్ మీద పడేసిన రిమోట్ యాక్సెస్ ఫైళ్లు, డీటీపీ సిస్టమ్‌లలో ఫాంట్స్ ఫోల్డర్‌లోకి నేరుగా కాపీ చేసిన తెలుగు ఫాంట్లు ఈ కోవలోవి. వీటికి ఆ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, డీటెయిల్స్‌లో ఫైల్ వెర్షన్ చూడాలి. పవర్‌షెల్‌లో గెట్-ఐటమ్‌తో అదే వెర్షన్‌ఇన్ఫో రాబట్టొచ్చు. మీ ఆఫీసులో ముఖ్యమైనవి నాలుగైదు ఉంటే వాటి దారులను స్క్రిప్టులోనే చేర్చేయండి.

ట్యాలీని విడిగా చూడండి. ఒకే సిస్టమ్‌లో రెండు మూడు ఫోల్డర్లలో వేర్వేరు రిలీజ్‌లు ఉండొచ్చు, పాత ఈఆర్‌పీ 9 కూడా ఒక మూల ఉండిపోయి ఉండొచ్చు. డెస్క్‌టాప్ మీద ఐకాన్ ఏ ఫోల్డర్‌ను తెరుస్తోందో చూసి, తెరిచాక హెల్ప్‌లోని అబౌట్‌లో రిలీజ్ నంబరు రాసుకోండి. ఇది చేత్తో చేయాల్సిన పనే.

ఇంకా లోతుగా దాగేవి ఉంటాయి. 2021 డిసెంబర్‌లో లాగ్4జే లోపం బయటపడినప్పుడు ప్రపంచమంతా ఇబ్బంది పడింది అందుకే. అది విడిగా ఇన్‌స్టాల్ అయ్యే సాఫ్ట్‌వేర్ కాదు, వేరే జావా సాఫ్ట్‌వేర్ల లోపల జార్ ఫైలుగా ఉంటుంది. అలాంటప్పుడు డిస్క్ మొత్తం ఫైలు పేరుతో వెతకడం ఒక దారి, ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లను అడగడం రెండో దారి. రెండూ చేయాలి.

రౌటర్, ప్రింటర్, సీసీటీవీ రికార్డర్‌లకు కూడా ఫర్మ్‌వేర్ (లోపల నడిచే సాఫ్ట్‌వేర్) వెర్షన్లు ఉంటాయి. వాటి అడ్మిన్ పేజీలో చూసి నోట్‌బుక్‌లోనే ఒక పేజీ కేటాయించండి.

ఎక్సెల్‌లో కలిపేటప్పుడు

సీఎస్‌వీ ఫైళ్లను డబుల్ క్లిక్ చేసి తెరవకండి. ఎక్సెల్ వెర్షన్ నంబర్లను మామూలు అంకెలనుకుంటుంది. 24.10 ఉంటే 24.1 చేసేస్తుంది, 7.10ని 7.1 చేస్తుంది. రెండూ వేర్వేరు వెర్షన్లు. కొన్ని రకాల నంబర్లను తేదీలుగా కూడా మార్చేయగలదు. అందుకని ఖాళీ ఎక్సెల్ తెరిచి, డేటా మెనూలో ఫోల్డర్ నుంచి తెచ్చే ఆప్షన్‌తో అన్ని ఫైళ్లనూ ఒకేసారి తీసుకోండి. లోడ్ చేసేముందు వెర్షన్ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చండి. ఎక్సెల్ అప్పటికే దాన్ని అంకెగా మార్చేసే దశను తనంతట తాను చేర్చి ఉంటే ఆ దశను తీసేయాలి.

పోల్చేటప్పుడు ఇంకో తిరకాసు ఉంది. టెక్స్ట్‌గా వరుసలో పెడితే 10.2 ముందు, 9.5 తర్వాత వస్తాయి. చుక్కకు చుక్కకు మధ్య ఉన్న ప్రతి భాగాన్నీ విడి సంఖ్యగా చూడాలి. పవర్‌షెల్‌లో వెర్షన్ అనే డేటా టైప్ ఈ పోలిక సరిగ్గా చేస్తుంది, కాబట్టి పాతవాటిని ఏరే పని అక్కడే చేసి, పట్టిక మాత్రం ఎక్సెల్‌లో పెట్టుకోండి. కొన్ని నంబర్లు చదవడానికి వింతగా ఉంటాయి. జావా 8లోని 202వ అప్‌డేట్ రిజిస్ట్రీలో 8.0.2020.8 అని కనిపిస్తుంది. అలాంటి చోట డిస్‌ప్లేనేమ్ కూడా కలిపి చదవండి.

పివట్ టేబుల్ పెట్టి వరుసల్లో సాఫ్ట్‌వేర్ పేరు, దాని కింద వెర్షన్, ఎదురుగా కంప్యూటర్ల సంఖ్య వచ్చేలా చేయండి. ఒకే సాఫ్ట్‌వేర్‌కు నాలుగు వెర్షన్లు ఉంటే వెంటనే కంటికి తగులుతుంది.

రాని జాబితాల సంగతి

ఇప్పుడు నోట్‌బుక్‌లోని మొత్తం తీయండి. అందులో 26 సిస్టమ్‌లు ఉండి ఫోల్డర్‌లో 22 సిస్టమ్‌ల ఫైళ్లే ఉంటే, ఆ నాలుగింటి గురించే మీరు ఈ రోజు ఆలోచించాలి. వచ్చిన 22లో విన్‌రార్ అంతా కొత్తదే అని ఓనర్‌కు చెప్పేసి ఊరుకుంటే చెప్పింది సగం నిజమే అవుతుంది.

ఎందుకంటే రోజూ ఆన్‌లో ఉండి, నెట్‌వర్క్‌లో సరిగ్గా కనిపించే సిస్టమ్‌కు అప్‌డేట్లు కూడా ఎంతో కొంత సరిగ్గానే వస్తుంటాయి. జవాబివ్వని సిస్టమ్ నెలల తరబడి ఆఫ్‌లో ఉండొచ్చు, దాని నెట్‌వర్క్ సెట్టింగ్ చెడిపోయి ఉండొచ్చు, పవర్‌షెల్ సరిగ్గా నడవనంత పాత విండోస్ అయి ఉండొచ్చు. పాత వెర్షన్ ఉండే అవకాశం అక్కడే ఎక్కువ. 2017 మే 12న ఫైళ్లను లాక్ చేసి డబ్బు అడిగే వన్నాక్రై విరుచుకుపడినప్పుడు, అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ సవరణ మార్చి 14నే విడుదలైంది. దాదాపు రెండు నెలల గడువు దొరికింది. అయినా అప్‌డేట్ అందని కంప్యూటర్లు ప్రపంచమంతటా లాక్ అయ్యాయి, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోవి కూడా కొన్ని దెబ్బతిన్నాయి.

అందుకే రాని ప్రతి జాబితాకూ కారణం రాసే ఒక కాలమ్ పెట్టండి: ఆఫ్‌లో ఉంది, ఊరికి వెళ్లింది, రిపేర్‌లో ఉంది, విండోస్ 7. ఆ సిస్టమ్ దగ్గరకు మనిషి వెళ్లి చూసేదాకా దాన్ని తెలియనిదిగానే లెక్కించండి. పక్క సిస్టమ్‌లో ఉన్నదే ఇందులోనూ ఉంటుందని ఊహించి నింపకండి.

ఎంత తరచుగా, ఎక్కడ దాచాలి

పూర్తయిన పట్టిక బయటి వాళ్ల చేతికి చిక్కితే ఏ గదికి తాళం సరిగ్గా పడదో రాసిచ్చినట్టే. వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పాస్‌వర్డ్ ఉన్న ఫైలుగా ఇద్దరికి మించకుండా చూసేలా ఉంచండి, ఒక ప్రింటు లాకర్‌లో పెట్టండి. సర్వర్ లాక్ అయిపోయిన రోజున చేతికి అందేది ఆ ప్రింటే. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడుల లాంటి ఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా తెలియజేయాలి. ఏ సిస్టమ్‌లో ఏముందో అప్పుడు వెతకడం మొదలుపెడితే ఆ సమయం చాలదు.

పాత నెలల ఫైళ్లను చెరిపేయకుండా నెలకో ఫోల్డర్‌లో ఉంచండి. ఫలానా సాఫ్ట్‌వేర్ ఎప్పటి నుంచి ఉందన్న ప్రశ్న వచ్చినప్పుడు రెండు నెలల జాబితాలు పక్కపక్కన పెట్టి చూడొచ్చు. మైక్రోసాఫ్ట్ నెలవారీ సవరణలు ప్రతి నెలా రెండో మంగళవారం విడుదలవుతాయి, మనకు చేరేసరికి ఆ రాత్రో బుధవారమో అవుతుంది. అందుకని పట్టికను ఆ వారం శుక్రవారం సాయంత్రం తీయడం మంచిది. ఎవరి సిస్టమ్ రీస్టార్ట్ కాకుండా ఆగిపోయిందో బిల్డ్ నంబరు చూస్తే తెలిసిపోతుంది, వాళ్లు ఇంటికి వెళ్లేలోపు చెప్పి రీస్టార్ట్ చేయించవచ్చు.